రేగులగడ్డ నుంచి సందేశం

కోదాడలో గోపాల్ సార్ ఇంటి వరండాలో బల్ల మీద రెండు రేడియో సెట్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి చిన్నది, స్కూలు పిల్లల జామెట్రీ బాక్సు కన్నా కాస్త పెద్దది. రెండోది బరువైన ఇనుప పెట్టె. ముందు వైపంతా బొత్తాలు, ఒక మూల రంగు లేచిపోయి లోహం కనిపిస్తోంది. రజని వాటి ఎదురుగా కూర్చుని, దేన్నీ ముట్టుకోకుండా మార్చి మార్చి చూస్తోంది.

రెండూ తీసుకుపోతే ఏమవుతుందని అడిగింది. కుదరదన్నాడు గోపాల్ సార్. మట్టపల్లి, వాడపల్లి వైపు పడవలు మోసుకుపోయే లారీలో ఇంకో రేడియో మనిషి తులసీరాం వెళ్తున్నాడు. ఆమె ఒకటి తీసుకుంటే రెండోది అతనికి.

2009 అక్టోబరు అది. సాగర్ గేట్లు ఎత్తారు. కృష్ణ ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయిస్తున్నారు. చాలా చోట్ల కరెంటు పోయి సెల్ టవర్లు మూగబోయాయి. ఎక్కడికి పడవ కావాలో, ఎక్కడ అక్కరలేదో కబురు తెచ్చేవాళ్లు లేక, కోదాడలో పడవల పంపకం చూస్తున్న అధికారులు హామ్ రేడియో వాళ్లను సాయం అడిగారు. లైసెన్సు తీసుకుని సొంత సెట్లతో గాలిలో మాట్లాడుకునే మనుషులు ఆ చుట్టుపక్కల ఉన్నదే కొద్దిమంది. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన గోపాల్ సార్ వాళ్లకు పెద్ద. సూర్యాపేట జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రజని ఆయన దగ్గర నేర్చుకున్నదే. కానీ ఆమె ఎప్పుడూ ఇంట్లో, తన బల్ల దగ్గర, తలుపు వేసుకుని మాట్లాడిందే తప్ప బండిలో సెట్టు పెట్టుకుని బయటికి వెళ్లింది లేదు.

"చిన్నది కంటికి ఆనినంత దూరమే పోతుందమ్మా," అన్నాడు గోపాల్ సార్. "మధ్యలో గుట్ట వచ్చినా, నువ్వు పల్లంలో ఉన్నా అంతే సంగతులు. కానీ బ్యాటరీని తినదు. పెద్దది మాటను పైకి పంపుతుంది, అది ఆకాశం నుంచి తిరిగొచ్చి కోదాడలో పడుతుంది. కాకపోతే బండి బ్యాటరీని పీల్చేస్తుంది. ఏది కావాలో నువ్వే చెప్పు. చోటు చూసేది నువ్వు."

ఆయనే ఏదో ఒకటి చేతిలో పెడితే బాగుండునని ఆమెకు ఉంది. ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకునే మనిషి. తను చెప్పిన మాట మీద ఒక ఊరు ఆధారపడుతుందన్న తలంపే ఆమెను భయపెట్టింది. ఏటి ఒడ్డు ఊళ్లన్నీ పల్లంలో ఉంటాయి. ఇంతకన్నా ఆలోచించడానికి ఏమీ లేదు.

"పెద్దదే ఇయ్యండి సార్," అంది.

సూర్యాపేట బస్సులో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నంతసేపూ చిన్నది తీసుకోవాల్సిందేమో అనుకుంటూనే ఉంది.

*

ఆమె తమ్ముడు తిరుపతికి సూర్యాపేట, కోదాడల మధ్య మనుషులను ఎక్కించుకుని తిరిగే జీపు ఉంది. బండి ఇస్తానన్నాడు గానీ, అక్కను ఒక్కదాన్ని వరద దగ్గరికి పంపనని, తానే నడుపుతానని పట్టుబట్టాడు. రజని ఇంట్లో కారు లేకపోలేదు. అది పెట్రోలు బండి. స్పార్క్ ప్లగ్గులు వెలిగినప్పుడల్లా సెట్టులో టకటకమని చప్పుడు వచ్చి మాటను ముక్కలు చేస్తుంది. డీజిల్ జీపుకు ఆ బాధ లేదు.

మధ్యాహ్నం ఇంటి ముందు రేకుల కింద పని మొదలుపెట్టారు. బ్యాటరీ నుంచి సెట్టు దాకా లావు తీగ లాగింది రజని. దారిలో ఎక్కడా దేనితోనూ కలపలేదు. ఇంజన్ గోడకున్న రంధ్రంలోంచి తీగ లోపలికి వచ్చేచోట, రేకు అంచు కోసుకోకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టింది. రెండు తీగలకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజులు పెట్టింది. పెట్టిన ప్రతి అతుకునూ పట్టుకుని లాగి చూసింది, మళ్లీ చూసింది. సెట్టును ముందు సీటు పక్కన చెక్క మీద బిగించి, గతుకుల్లో అదరకుండా పాత దుప్పటి మడిచి చుట్టూ దోపింది.

యాంటెన్నా మనిషి కన్నా పొడవైన సన్నటి కడ్డీ. మొదట్లో లావుగా తీగచుట్ట ఉంటుంది. దాన్ని వెనక బంపరు మూలన నిలబెట్టాలి. బండి శరీరంతో లోహానికి లోహం తగలాలి, మధ్యలో రంగు ఉండకూడదు. తిరుపతి జీపుకు పోయిన నెలే కొత్తగా ఆకుపచ్చ రంగు వేయించాడు. రజని స్క్రూడ్రైవర్ పట్టుకుని బంపరు దగ్గర వంగి, గీకకుండా ఉండిపోయింది. తిరుపతి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, రూపాయి బిళ్లంత మేర రంగు తనే గీకేశాడు.

సెట్టు వేసి చూస్తే మీటరు ముల్లు అవతలి గీత దాటి కొట్టుకుంది. పంపిన శక్తి గాలిలోకి పోకుండా వెనక్కి వస్తోందన్నమాట. అలాగే మాట్లాడితే సెట్టు కాలిపోతుంది. రజని వెంటనే సెట్టు కట్టేసింది. యాంటెన్నా ఊడదీసి మళ్లీ బిగించింది. కడ్డీ పొడవు కొంచెం తగ్గించింది, పెంచింది. ముల్లు కదల్లేదు. నేల మీద పడుకుని బంపరు కిందికి దూరి చూస్తే, బోల్టు కింద వాషరు కొత్త రంగు మీదే కూర్చుని ఉంది. పైన గీకారు గానీ కింద గీకలేదు. అక్కడా గీకాక ముల్లు వెనక్కి వాలింది. ఆమె బంపరు కిందే ఇంకాసేపు పడుకుండిపోయింది.

తర్వాత తిరుపతి ఇంజన్ స్టార్ట్ చేశాడు. సెట్టులో సన్నటి ఈల మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఈల పెరిగింది. అది ఆల్టర్నేటర్ చప్పుడు. తీగను చప్పుడు తగ్గించే ఫెరైట్ రింగు చుట్టూ తిప్పింది, బండికి ఇంకోచోట ఎర్త్ ఇచ్చింది. ఈల తగ్గింది గానీ పోలేదు. సన్నగా వచ్చే దూరపు గొంతు దాని కింద మునిగిపోతుంది.

"ఇంజన్ నడుస్తుంటే మనం చెప్పుడు అవతలోళ్లకు ఇనొస్తది. వాళ్లు చెప్పేది మనకు ఇనరాదు," అంది. "ఇనాలంటే బండి బంద్ చెయ్యాలె."

"బంద్ చేస్తే బ్యాటరీ దిగదా?"

"దిగుతది."

రెండో బ్యాటరీ కోసం తిరుపతి కొట్లన్నీ తిరిగి వచ్చాడు. రెండు రోజులుగా కరెంటు లేక ఇన్వర్టర్ల కోసం జనం ఎగబడి, ఛార్జి చేసిన బ్యాటరీ ఒక్కటీ మిగల్లేదు. జీపులో ఉన్నది పాతదే. పొద్దున్నే ఒక్కోసారి మొరాయిస్తుందని తిరుపతి అప్పుడు చెప్పాడు. రజని చిన్న సెట్టు గురించి మళ్లీ ఆలోచించింది. అది ఈపాటికి తులసీరాం దగ్గర ఉంటుంది.

*

మరునాడు మిర్యాలగూడ దాటి, రైసు మిల్లుల వరస అయిపోయిన చోట బండి ఆపించి కోదాడను పిలిచింది. గోపాల్ సార్ గొంతు గాలికి ఊగే దీపంలా వచ్చి పోయింది. గొంతు ఆమెదేనని తెలుస్తోంది గానీ మాట తెలియడం లేదన్నాడు. తిరుపతి ఇంకోసారి పిలవమన్నాడు. బ్యాటరీ గుర్తొచ్చి ఆమె సెట్టు కట్టేసింది. అక్కడినుంచి వాడపల్లి దాకా మైకు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

వాళ్లను పంపింది వాడపల్లికి దిగువన ఉన్న రేగులగడ్డ అనే చిన్న ఊరికి. మూసీ వచ్చి కలిశాక కృష్ణ ఇంకా వెడల్పయి, ఊరి చేలన్నీ తనవే అన్నట్టు పరుచుకుని ఉంది. నీళ్లకు ఎర్రమట్టి రంగు. వాటి మీద గడ్డివాములు, ఊడొచ్చిన తలుపులు, చచ్చిన గేదె. ఊరికి ఇవతల కాలువ కట్ట మీద దాకా రోడ్డు ఉంది. అవతల లేదు. కట్ట మీదినుంచి మంచాలు, బియ్యం మూటలు, కోళ్ల గంపలు వేసుకున్న ఆఖరి ట్రాక్టర్లు మిర్యాలగూడ వైపు పోతున్నాయి.

ఊరిని ఖాళీ చేయించడానికి వచ్చిన అధికారి పేరు మహేష్. కుర్రవాడే. తల మీద యూరియా సంచి కప్పుకుని, మోకాళ్లదాకా బురదతో, ముందు రోజు నుంచి నిద్రలేని కళ్లతో ఉన్నాడు. సెల్‌ఫోన్ జేబులోంచి తీసి చూసి మళ్లీ పెట్టుకుంటున్నాడు. రేడియో బండి వచ్చిందని తెలియగానే దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కోదాడకు కబురు అందక పైవాళ్లు ఏమనుకుంటున్నారోనని ఆయన భయం ఆయనది.

రజని పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. బుస తప్ప ఏమీ లేదు. మహేష్ జీపు కిటికీ పట్టుకుని ఆమె మొహం వైపే చూస్తున్నాడు. ఫ్యూజులు చూసింది, మీటరు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కడ్డీ నిట్టనిలువుగా ఉన్నంతవరకూ మాట దూరదూరాలకు పోతుంది గానీ, నెత్తిమీదికి లేచి దగ్గరలో దిగదని చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. దిగి, కడ్డీ కొసకు నైలాన్ తాడు కట్టి, విల్లులా వంచి జీపు ముందుకు లాగి కట్టమంది తిరుపతిని. పొడవు మారితే ముల్లు లేస్తుందేమోనని భయపడుతూ మీటరు చూసింది. కొంచెం లేచి ఆగింది. ఇంజన్ ఆపించి పిలిచింది.

"చెప్పమ్మా రజనీ. పక్కింట్లో ఉన్నట్టు వినిపిస్తోంది," అన్నాడు గోపాల్ సార్.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరుపతి బానెట్ మీద చేత్తో ఒకటి చరిచాడు. మహేష్ వెంటనే జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. రేగులగడ్డ ప్రజలందరినీ సురక్షిత ప్రాంతానికి తరలించడమైనది, పడవ అవసరం లేదు అని రాసి, కింద సంతకం పెట్టి ఉంది.

కాగితం అందుకుంటూ ఆమె నీళ్ల వైపు చూసింది. కట్టకు చాలా ఎడంగా, మునిగిన చేల మధ్యలో ఒక దిబ్బ తేలి ఉంది. దాని మీద బూడిద రంగు ముద్దలా ఏదో కదులుతోంది.

"అవేంది సార్?"

"గొర్రెలు మేడం," అన్నాడు మహేష్, అటు చూడకుండా.

గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. మంద అలా ఒక్కచోట ఒత్తుకుని, అన్నీ ఒకే దిక్కుకు మొహాలు పెట్టి నిలబడిందంటే అదిలించే మనిషి పక్కన ఉన్నట్టే. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఈలోపు గోపాల్ సార్ సందేశం ఉంటే చదవమన్నాడు. ఇచ్చిన సందేశాన్ని ఇచ్చినట్టే చదవాలి, అక్షరం కలపకూడదు, అక్షరం తీయకూడదు. ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. సెట్టు పలుకుతున్నప్పుడే పని కానివ్వాలన్న తొందర కూడా ఉంది. ఆమె చదివింది. ఒక్క మాట తడబడలేదు. అవతల ఆయన తిరిగి చదివి వినిపించాడు. బాగా చదివావని మెచ్చుకున్నాడు కూడా.

కొద్దిసేపటికి ఆయనే మళ్లీ పిలిచాడు.

"మంచి సమయానికి అందిందమ్మా నీ కబురు. పడవ లారీ మీ దగ్గరికే వస్తోంది, హుజూర్‌నగర్ దాటింది. మీకు అక్కరలేదన్నారు కాబట్టి మట్టపల్లి వైపు మళ్లిస్తున్నాం. తులసీరాం చిన్న సెట్టు ఇంకా అందుతోంది, ఇప్పుడే చెప్తున్నా."

రజని మైకు పట్టుకుని ఉండిపోయింది. అందిందని చెప్పాలి. చెప్పలేదు. రజనీ, విన్నావా అని ఆయన రెండోసారి అడిగాడు.

"తమ్మీ, ఆ దిబ్బ మీద ఎవరన్న ఉన్నరా సూడు," అంది.

తిరుపతి జీపు పైకి ఎక్కి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "గొంగడి ఊపుతున్నరక్కా," అన్నాడు. "ఒక్కళ్లు గాదు. చీరె గూడ కనవడ్తుంది."

*

మహేష్ కాదనలేదు. పొద్దున ట్రాక్టరు తీసుకుపోతే వాళ్లు రాలేదన్నాడు. గొర్రెలను కూడా ఎక్కిస్తేనే వస్తామన్నారు. గొర్రెలకు ట్రాక్టరు ఎక్కడినుంచి తేవాలి. మళ్లీ వస్తానని చెప్పి వచ్చాడు, ఈలోపు నీళ్లు కమ్మాయి. సాయంత్రానికి వరద తీస్తుందని అంటున్నారు, తీశాక వాళ్లే నడిచి వస్తారు. మధ్యాహ్నంలోగా ఊరు ఖాళీ అయిందని కబురు చెయ్యకపోతే తన ఉద్యోగం మీదికి వస్తుంది. ఇదంతా ఆయన గొంతు పెంచకుండా, బురద కాలితో కట్ట మీద గీతలు గీస్తూ చెప్పాడు.

"రానోళ్లను ఎత్తుకొస్తామా మేడం?"

"రానోళ్లు వేరు, లేనోళ్లు వేరు సార్," అంది రజని. "మీరు లేరని రాసిన్రు. నేను లేరని చదివిన. ఇంకో కాగితం రాసియ్యుండ్రి."

ఆయన రాయనన్నాడు. ఒక గంటలో రెండు మాటలు చెప్తే పైవాళ్లు ఏది నమ్ముతారని అడిగాడు. ఆమె కలం తీసి ఇస్తే తీసుకోలేదు. అవతలికి నడిచిపోయి, కాలువ తూము మీద కూర్చున్నాడు.

రజని మైకు తీసుకుంది. దిబ్బ మీద మనుషులున్నారని, పడవ కావాలని చెప్పింది.

"ఇది అధికారి పంపుతున్నదేనా?" అని గోపాల్ సార్ అడిగాడు.

"కాదు సార్."

"ఆయన సంతకం లేకుండా ఇక్కడ ఎవరికివ్వను రజనీ? మట్టపల్లి వాళ్లు కూడా పడవ అడుగుతున్నారు. ఎవరి పేరు మీద రాసుకోను?"

ఆమె లైసెన్సుతో వచ్చిన తన కాల్ సైన్, తన పేరు చెప్పింది. తాను కళ్లారా చూస్తున్నానని చెప్పబోతుండగా సెట్టు ముందరి దీపం మసకబారింది. మాట్లాడే మీట నొక్కినప్పుడల్లా అంకెలు ఆరిపోతున్నాయి. బ్యాటరీ దిగిపోయింది. గోపాల్ సార్ గొంతు సగం మాటలో పోయింది. ఆమె చెప్పింది ఎంతవరకు అందిందో తెలియదు.

దిబ్బ అంచులు చిన్నవవుతున్నాయి. ఇందాక కనిపించిన తుమ్మ చెట్టు మొదలు ఇప్పుడు నీళ్లలో ఉంది. కట్ట మీద జీపు ముందు చక్రాల దగ్గర మట్టి కూడా చెమ్మగిల్లుతోంది.

తిరుపతి తాళం తిప్పాడు. ఇంజన్ మూలిగి, ఆగి, మళ్లీ మూలిగి, ఎలాగో అంటుకుంది. సెట్టులో ఈల నిండిపోయింది, దీపం వెలిగింది. ఇప్పుడు చెప్పగలదు గానీ వినలేదు. రజని ఆ ఈలలోకే మాట్లాడింది. రేగులగడ్డకు తూర్పున దిబ్బ మీద మనుషులున్నారు, ఆడవాళ్లున్నారు, నీళ్లు ఎక్కుతున్నాయి, ముందు చదివిన సందేశం తప్పు, చదివింది నేనే, పడవ పంపండి. అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. చెవిటి గోడకు చెప్పుకుంటున్నట్టు ఉంది. తూము మీద కూర్చున్న మహేష్ తలెత్తి వింటున్నాడు. తప్పు అన్న మాట దగ్గర తల దించుకున్నాడు.

చెప్పడం అయిపోయింది. జవాబు ఉందో లేదో తెలియాలంటే బండి ఆపాలి. ఆపితే మళ్లీ అంటుకుంటుందో లేదో. అంటుకోకపోతే, నీళ్లు కట్ట ఎక్కితే, బండి పోయినట్టే. ఆ బండే తమ్ముడి బతుకు. ఆ సంగతి తిరుపతికి చెప్పక్కరలేదు. రజని అడగలేదు. తిరుపతి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని నీళ్ల వైపు చూశాడు, దిబ్బ వైపు చూశాడు. "ఇనక్కా," అని తాళం కట్టేశాడు.

ఈల ఆగిపోయింది. నీళ్ల హోరు వినిపించింది. సెట్టులో బుస, దాని అడుగున సన్నగా గోపాల్ సార్ గొంతు.

"...నీ పేరు మీదనే రాశాను. తులసీరాం లారీ తిప్పాడు. వస్తున్నారు. విన్నావా? లారీ తిప్పాడు..."

విన్నానని చెప్పడానికి మీట నొక్కితే దీపం పూర్తిగా ఆరిపోయింది.

*

పడవ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కట్ట మీదికి లారీ రాగానే అందరికన్నా ముందు మహేష్ లేచి, పడవ దించడానికి భుజం పెట్టాడు. దాంతో పాటే నీళ్లలోకి దిగి ఎక్కి కూర్చున్నాడు. పడవ చేలకు అడ్డంపడి పోతుంటే రజని దిబ్బను చూడలేక, విప్పనక్కరలేని తీగలను విప్పి మళ్లీ చుట్టింది.

పడవ రెండుసార్లు తిరిగింది. దిబ్బ మీద ఉన్నది ఐలమ్మ అనే ఆమె కుటుంబం, వాళ్ల దాయాదులు. చంటిపిల్లతో ఉన్న కోడలు, దుప్పటిలో చుట్టిన ముసలాయన, ఇద్దరు మగవాళ్లు. గొర్రెలను ఎక్కించడం కాలేదు. గొర్రెపిల్లలను మాత్రం సంచుల్లో, కొంగుల్లో వేసుకుని తెచ్చారు. తల్లి గొర్రెలు దిబ్బ మీదినుంచి అరుస్తున్నాయి. ఐలమ్మ పడవ దిగిన దగ్గర్నుంచి కట్ట మీద అటే తిరిగి నిలబడింది. యాభై దాటిన మనిషి. నడుముకు చుట్టిన గొంగడిలోంచి నీళ్లు కారుతున్నాయి.

జీపు అంటుకోలేదు. వాన మళ్లీ మొదలైంది. కట్ట వాలుగా ఉన్నవైపు బండిని నెట్టాలి. ఎవరూ పిలవకుండానే దిబ్బ నుంచి వచ్చిన మగవాళ్లు, పడవ వాళ్లు, మహేష్ వెనక చేరారు. గేరులో వేసి వదిలితే జీపు ఒకసారి ఎగిరి, నల్లటి పొగ వదిలి అంటుకుంది. ఆడవాళ్లను, ముసలాయనను అందులో ఎక్కించారు. ముందు సీట్లో, సెట్టు పక్కన ఐలమ్మ కూర్చుంది. ఒళ్లో మూడు గొర్రెపిల్లలు. రజని ఒక పక్కకు ఒదిగింది.

ఊరివాళ్లకు తల దాచుకునే చోటు ఇచ్చిన బడి కట్టకు కాస్త దూరంలోనే ఉంది. బడి దీపాలు కనిపించాక ఐలమ్మ, సెట్టు వైపు చూస్తూ, పడవల పిలగాడు చెప్పిండు, అంది. మేము లేమని రేడియోల చెప్పిన్రంట. అందుకనే పడవ ఎనకకు పోయిందంట.

"ఎవరు చెప్పిన్రు బిడ్డా లేమని?"

తిరుపతి పక్కకు తిరిగి అక్కను చూశాడు. కాగితం ఎవరు రాశారో చెప్పవచ్చు. వెనక పడవ లారీలో ఆ మనిషి వస్తూనే ఉన్నాడు.

"నేనే," అంది రజని.

"మల్ల ఉన్నరని?"

"అది గూడ నేనే."

ఐలమ్మ ఆమె మొహంలోకి చూసింది. కోపమో, అలసటో ఆ చీకటిలో తెలియలేదు. ఆ తర్వాత ఒళ్లోంచి ఒక గొర్రెపిల్లను తీసి ఆమె చేతుల్లో పెట్టింది. "సల్లవడ్డది. కడుపుకు ఆనిచ్చి వట్టుకో," అంది.

*

తెల్లారేసరికి నీళ్లు కొంత తీశాయి. దిబ్బ మీద మంద సగానికి సగం మిగిలిందని, మిగతావి కొట్టుకుపోయాయని పడవ వాళ్లు చెప్పారు. అప్పటికే ఐలమ్మ, మగవాళ్లు బడి నుంచి నడిచి కట్ట మీదికి చేరుకున్నారు.

తిరుపతి తెల్లవారకముందే మిర్యాలగూడ పోయి, తెలిసిన మెకానిక్‌ను లేపి ఛార్జి ఉన్న బ్యాటరీ తెచ్చాడు. రజని దాన్ని బిగిస్తుంటే మహేష్ వచ్చాడు. బట్టలు అవే. చేతిలో కాగితం ఉంది. ఎగువన ఇంకో రెండు ఆవాసాలున్నాయని, రాత్రి అక్కడివాళ్లు బయటికి వచ్చేశారని తన కింది మనిషి చెప్పాడని, కోదాడకు కబురు చెయ్యాలని అన్నాడు. నిన్నటి సంగతి ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. కాగితం అందుకుని మడత విప్పి చదివింది.

సెట్టు వేసింది. కడ్డీ వంచే ఉంది, ముల్లు సరిగ్గా ఉంది. గోపాల్ సార్ మొదటి పిలుపుకే పలికాడు. పక్కన ఎవరో అధికారులు కూడా ఉన్నట్టున్నారు, గొంతులు వినిపిస్తున్నాయి. రేగులగడ్డ వైపు నుంచి సందేశం ఉందా, వీళ్లు అడుగుతున్నారు అన్నాడు.

"ఉంది సార్," అంది రజని. "కాగితం నా చేతుల ఉంది. కానీ ఇప్పుడు చదవను."

"ఎందుకని?"

"చూడలేదు సార్. పోయి చూసొచ్చి చదువుత."

అవతల గొంతులు లేచాయి. ఎవరో ఏదో అడిగితే గోపాల్ సార్ వాళ్లకు సర్దిచెప్తున్నట్టుంది. వాళ్లు తొందరపెడుతున్నారమ్మా అన్నాడు. మీట మీదినుంచి వేలు తీసి కూర్చుంది.

"సరే," అన్నాడు ఆయన చివరికి. "సెట్టు తెరిచే ఉంచుతాను. పోయిరా."

మహేష్ ఇంకా కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాడు. రజని కాగితాన్ని ఆయనకు తిరిగి ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని ఎగువ దారి వైపు, తన బురద చెప్పుల వైపు చూసుకున్నాడు. అక్కడ దారి బాగా లేదు మేడం, జీపు కొంతవరకే పోతుంది, తర్వాత నడవాలి అన్నాడు.

"నడుద్దాం," అంది ఆమె.

ఆయన వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. తిరుపతి తాళం తిప్పాడు.